వినకుండా గీకిన గొట్టం

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు చాపి చూపిస్తూనే ఉన్నాడు. చూపుడువేలూ, నడిమివేలూ. రెండూ కలిపి పైకెత్తి, మెల్లగా ఎడం చేస్తాడు. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంటుంది. నోట్లోంచి వచ్చేది ఒకే ఒక్క చప్పుడు. అది మాటగా మారబోయి పెదవుల దగ్గరే ఆగిపోతుంది.

రెండు అంటున్నాడని వదిన తేల్చేసింది. వదిన అంటే ఆయన అక్క. తమ్ముడు పడిపోయాడని తెలిసి ఒక చేతిసంచితో వచ్చింది, వచ్చిన గంటలోనే వంటింటి డబ్బాలన్నీ తన పద్ధతిలో సర్దేసింది.

"రెండు ఏం కావాలిరా నీకు?" అంటూ మంచం పక్కకి కుర్చీ లాక్కుంది. రెండు దిళ్ళు తెచ్చి పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు అరటిపళ్ళు తెచ్చింది, రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. రెండు కిటికీలూ తెరిచి చూసింది, రెండూ మూసి చూసింది. చివరికి విసుగొచ్చి, "రెండో పెళ్ళి గాని చేసుకుందామనుకున్నావా ఏం? ఆ ముక్క ముందే చెప్పాల్సింది. ఇప్పుడు నీకు పిల్లనెవరిస్తారు?" అంది. ఆయన ముఖంలో ఎడమ సగం నవ్వింది. నవ్వి, మళ్ళీ ఆ రెండు వేళ్ళే విప్పాడు.

ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ వేళ్ళు ఏం అడుగుతున్నాయో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. తెలిసే, తెలియనట్టు నిలబడింది.

మైనపు గొట్టాన్ని పట్టుకునే తీరు అది.

పాట గ్రామఫోను పళ్ళెం మీదికి ఎక్కకముందు గొట్టం మీద ఉండేది. గుప్పెట్లో పట్టేంత మైనపు గొట్టం, దాని ఒంటి నిండా వెంట్రుక కన్నా సన్నని గాళ్ళు. ఆ గాళ్ళను వేలితో తాకకూడదు. ఒంటి వేడి తగిలినా చాలు, పాట చెడుతుంది. అందుకని రెండు వేళ్ళు గొట్టం లోపలికి పోనిచ్చి, లోపలే విప్పి, ఆ బిగువు మీద పైకెత్తాలి. కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఆయన ఆమెకు నేర్పిన మొదటి పని ఇదే. ముందు గాజు గ్లాసు మీద నేర్పాడు. మూడు గ్లాసులు పగిలాక అసలు గొట్టం చేతికిచ్చాడు.

పళ్ళెం గ్రామఫోన్లు బాగుచేసేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఇద్దరున్నారు. గొట్టం పెట్టెలకు మాత్రం ఈయనొక్కడే. పాత బంగళాల అటకల మీది నుంచీ, మూతపడ్డ క్లబ్బుల సామాను గదుల నుంచీ ఆ పెట్టెల్ని వెతికి తెచ్చుకునేవాడు. బాగుచేసి కొన్ని అమ్మేవాడు. చాలావాటిని అమ్మబుద్ధి కాక ఉంచేసుకునేవాడు. ముందుగది నిండా అవే. గోడల వెంట పెట్టెలు, పైన దూలాలకు వేలాడే ఇత్తడి బాకాలు. గదిలోకి ఎవరు వచ్చినా తల వంచే రావాలి. అందరూ ఆయన్ని బాకాగారు అనేవాళ్ళు. అలా పిలిస్తే ఆయన పలికేవాడు కూడా.

గొట్టం పెట్టెకి ఒక గొప్ప ఉంది, పళ్ళెం గ్రామఫోనుకి అది లేదు. గొట్టం పెట్టె పాడటమే కాదు, విన్నది రాసుకుంటుంది కూడా. దానికి రెండు తలలుంటాయి. ఒకటి పలికే తల, ఇంకొకటి రాసే తల. నున్నటి మైనపు గొట్టాన్ని కదురుకు తొడిగి, రాసే తల బిగించి, బాకాలోకి మాట్లాడితే రెండు నిమిషాల మాట ఆ మైనం మీద గాడి పడుతుంది. అక్కర్లేదనుకుంటే గీకుడు మర మీద పెట్టి, పైపొర తీసేసి, మళ్ళీ నున్నగా చేసుకోవచ్చు. ఆ గీకుడు పని ఆమెది. ఆయన చెయ్యి బరువు, లోతుగా దిగిపోయేది. ఆమె చెయ్యి తేలిక.

బాగుచేసిన ప్రతి పెట్టెనూ ఆయన తన గొంతుతోనే పరీక్ష చేసేవాడు. ఏదో ఒకటి మాట్లాడితే సరిపోయేది. కానీ ఆమెకు అక్షరాలు రావు. ఆయన పెట్టెల వేటలో ఊళ్ళు తిరుగుతుంటే ఇంటికొచ్చినవాళ్ళకి సమాధానం చెప్పవలసింది ఆమె. చీటీ రాసి అంటిస్తే ఆమె చదవలేదు. అందుకని ఆ చీటీలో రాయాల్సిందంతా మైనం మీదే చెప్పి వెళ్ళేవాడు.

"ఏమే, వింటున్నావా? ఇది కళ్ళజోడు ప్లీడరుగారి పెట్టె. స్ప్రింగులో జిడ్డంతా కడిగేశాను. వేగాన్ని అదుపు చేసే గవర్నరు గుండొకటి వదులైతే బిగించాను. తాళం ఇరవై చుట్లు దాటి తిప్పొద్దని ఆయనకి చెప్పు. ఎక్కువ తిప్పితే దానికీ నాకూ ఒకేలాంటి కోపం వస్తుందని చెప్పు. వంటింట్లో చీమలు పట్టినట్టున్నాయి, చూడు. అయింది. ఇక క్షవరం చేసెయ్."

గీకడాన్ని ఆయన క్షవరం అనేవాడు. ప్రతి గొట్టం చివరా ఆ మాట ఉండేది. ఆమె వినేది, విని గీకేది. విను, గీకు. వినకుండా గీకకూడదు, అదొక్కటే నియమం. ఉంచుకోవలసిన గొట్టమైతే దాని అట్టడబ్బాకి నీలం దారం రెండు చుట్లు తిప్పి ఆయన ముడి వేసేవాడు. నీలం దారం ఉన్న డబ్బా జోలికి ఆమె వెళ్ళదు. ఆయన సొంత గొంతు ఉన్న డబ్బాకి మాత్రం ఎన్నడూ దారం కట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చెప్పిందంతా ఆమె విని, తన చేత్తోనే తుడిచేసింది. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. రేపు మళ్ళీ ఏదో ఒకటి చెబుతాడు కదా.

ఆయన పడిపోయిన రోజు పొద్దున పది గంటల వేళ ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ముందుగదిలో తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. తరువాత ఆయన గొంతు. గోడ అడ్డం కావడంతో మాటలు తెలియలేదు. ఎప్పటికన్నా నెమ్మదిగా, మధ్య మధ్య ఆగుతూ చెబుతున్నాడని మాత్రం తెలిసింది. మధ్యలో ఎప్పుడూ నవ్వే నవ్వు లేదు. చొక్కా దులిపి తీగ మీద వేస్తుంటే బల్ల జరిగినట్టయింది, తరువాత ఏదో బరువైనది కింద పడింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఆయన కింద ఉన్నాడు. బల్ల మీద పెట్టె తనపాటికి తాను తిరుగుతూనే ఉంది.

నాలుగోనాడు ఆసుపత్రిలో డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు. మాట సంగతి అడిగితే, చూద్దాం అన్నారు. ఆ మధ్యాహ్నం ఆమె బట్టల కోసం ఇంటికి వస్తే మెట్ల మీద మ్యూజియం ఆయన కూర్చుని ఉన్నాడు. పాపం, మంచివాడు. విషయం తెలిసి మాట తడబడింది. అయినా తన ఇబ్బంది చెప్పుకున్నాడు. మర్నాడే ప్రదర్శన. బాగుచెయ్యమని ఇచ్చిన పెట్టె కావాలి. గొంతు మైనం మీద ఎలా గాడి పడుతుందో పిల్లలకు చూపించడానికి ఆరు నున్నటి గొట్టాలు ఇస్తానని బాకాగారు మాటిచ్చారు.

ఆయన మాటిచ్చాడంటే ఇవ్వాలి. పెట్టె సిద్ధంగానే ఉంది. ఇవ్వదగ్గ నున్నటి గొట్టాలు అలమారలో ఐదే ఉన్నాయి, మిగతావన్నీ గీకి గీకి పలచబడ్డవి. ఆరోది బల్ల మీద, కదురు మీద ఉంది.

ఆమె రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి దాన్ని ఎత్తింది. వెలుగుకు పెట్టి చూస్తే ముప్పాతిక వంతు దాకా గాళ్ళున్నాయి. పలికే తల బిగించి వినాలి. విను, గీకు. కానీ ఆ క్షణాన ఆయన గొంతు చెవిన పడితే తన కాళ్ళ మీద తాను నిలబడలేననిపించింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి, అక్కడ నిలబడి ఉండాలి. గుమ్మం బయట మ్యూజియం ఆయన వాచీ చూసుకుంటున్నాడు. ఎలాగూ మాట వస్తుంది, ఏం చెప్పారో అప్పుడు అడిగితే సరి అనుకుంది. గొట్టాన్ని గీకుడు మరకు తొడిగి మూడుసార్లు గీకింది. పొట్టు పొడి పొడిగా రేకు డబ్బాలోకి రాలింది. గొట్టం అద్దంలా నున్నగా వచ్చింది.

మాటలు నేర్పే టీచరమ్మ మంగళవారం, శుక్రవారం వచ్చేది. ఇరవై ఐదేళ్ళ పిల్ల, సైకిలు మీద వచ్చేది. మంచం లోపలి గుమ్మంలో పట్టక ముందుగదిలోనే వేశారు, అందుకని ఆ పిల్ల కూడా బాకాల కింద తల వంచుకునే రావాలి. నీళ్ళ బొమ్మ, కుర్చీ బొమ్మ, పిల్లి బొమ్మ చూపించి అడిగేది. ఆయన బొమ్మల వంక చూసేవాడు కాదు. రెండు వేళ్ళు విప్పేవాడు.

మూడో వారం ఆ పిల్ల ఒక మాట అడిగింది. బాకాగారి గొంతు ఎక్కడైనా పట్టి ఉంచారా అని. కొందరికి తమ పాత గొంతు వింటే దారి దొరుకుతుందట. అందరికీ కాదు. దొరికితే మాత్రం, ఎవరు నేర్పేదానికన్నా తొందరగా దొరుకుతుందట. టేపు మీదున్నా చాలంది.

టేపు పెట్టెను ఆయన గుమ్మం తొక్కనివ్వలేదని ఆమె చెప్పబోయింది. ఈలోగా వదిన కుర్చీలోంచి లేచేసింది.

"టేపెందుకమ్మా? ఈ ఇల్లంతా వాడి గొంతే. ముప్పై ఏళ్ళుగా ఆ బాకాల్లోకి వాగుతూనే ఉన్నాడు. ఏమ్మాయ్, ఒక్కటైనా ఉండదూ?"

"చూడాలి వదినా" అంది ఆమె.

వెతకడం మొదలైంది. వదిన అలమార తలుపులు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బాల మీద రాసినవన్నీ పైకి చదువుతూ కిందకి దించింది. ఆమె ఒక్కొక్క గొట్టాన్నీ కదురుకు తొడిగి తాళం తిప్పింది. నీలం దారం డబ్బాల్లోంచి బ్యాండు మేళాలు వచ్చాయి. ఎవరో పెద్దాయన రెండు నిమిషాలూ దగ్గి, చివర్లో క్షమించమన్నాడు. ఒక పిల్ల ఎక్కాలు చెబుతూ ఏడు ఎనిమిదుల దగ్గర తప్పింది. ఒక చిలక ఎవరినో తిట్టింది. దారం లేనివన్నీ నున్నటి మైనమే. వాటిని తిప్పితే ఇసుక జారినట్టు ఒక చప్పుడు, అంతే.

"ఉండుండు. ఇందులో ఉన్నాడే. ఎక్కడో దూరంగా..." అంటూ వదిన బాకాలో చెవి పెట్టింది.

"అది మైనం చప్పుడు వదినా."

"నీకేం తెలుసు? వాడు చిన్నప్పుడు కూడా ఇలాగే గొణిగేవాడు."

మూడు పగళ్ళు అలా గడిచాయి. మంచం మీంచి ఆయన ప్రతి డబ్బానూ కళ్ళతోనే తెరిచేవాడు. మొదటి మాట పలకగానే అది కాదని తెలిసిపోయేది, ముఖం తిప్పుకునేవాడు. తిప్పుకుని మళ్ళీ రెండు వేళ్ళు. ఒక్క ముక్క చెబితే ఆ వెతుకులాట ఆగిపోయేది. చెబుదామని ఆమె రోజూ నోరు తెరిచేది. ఆ ఇంట్లో నోరు పడిపోయింది ఒక్కరికే అని అందరూ అనుకుంటున్నారు.

నాలుగోనాడు వదిన ఆసుపత్రి సంచి బయటకు లాగింది. పడిపోయిన రోజు ఆయన ఒంటి మీదున్న చొక్కా దాని అడుగున అలాగే ఉంది. ఉతికెయ్యమ్మాయ్, కంపు కొడుతోంది అంది. ఆమె కుళాయి దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ జేబులు తడిమింది. పైజేబులో ఉండలా చుట్టుకుని ఏదో తగిలింది.

నీలం దారం. మూరెడు ముక్క.

ఆయన దారం ముందుగా కత్తిరించి పెట్టుకునే మనిషి కాదు. ఉండ తెచ్చి, డబ్బాకి చుట్టి, ముడి వేశాక పళ్ళతో కొరికేవాడు. ఇది మాత్రం కత్తెరతో కత్తిరించి ఉంది. ఆమె దాన్ని తన మణికట్టుకి చుట్టి చూసింది. డబ్బాకి సరిపోయినట్టే, రెండు చుట్లు తిరిగి ముడికి సరిపోను మిగిలింది. అంటే ఆ పొద్దున, మాట్లాడటం మొదలుపెట్టకముందే, ఆ గొట్టాన్ని ఉంచుకోవాలని ఆయన అనుకున్నాడు. ఒంట్లో ఏదో తేడా తెలిసిందేమో. చెప్పాల్సింది ముందే అనుకుని, దారం కొలిచి జేబులో వేసుకుని, అప్పుడు తాళం తిప్పాడు.

కుళాయి కట్టడం ఆమె మరిచిపోయింది. బకెట్టు నిండి, చొక్కా మీంచి పొర్లి, నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చాయి.

ఆ తడి కాళ్ళతోనే వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. ఆయన చెవి దగ్గరగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు ముక్క ముక్కగా చెప్పింది.

"ఏమండీ, మీరు అడుగుతున్న గొట్టం లేదండీ. నేను గీకేశాను. మ్యూజియం ఆయనకి కావాలంటే గీకేసి ఇచ్చాను. వినలేదండీ. వినకుండా గీకేశాను."

ఆయన ఆమె పెదవుల వంకే చూశాడు. కొన్ని మాటలు లోపలికి వెళ్తాయనీ, కొన్ని వెళ్ళవనీ, ఏవి వెళ్తాయో తాము చెప్పలేమనీ డాక్టరు ముందే అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. గీకుడు మర వైపు చూపించింది. అరచేత్తో గీకినట్టు చేసింది. ఆయన కళ్ళలో ఏమీ కదల్లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక గుప్పెట తెరిచి దారం చూపించింది.

ఆయన ముఖం వెలిగింది. ఎడమచెయ్యి చాపి దారం అందుకున్నాడు. ఇన్నాళ్ళకి దీనికి అర్థమైందన్నట్టు, గొంతులోంచి ఆ ఒక్క చప్పుడూ పైకి తెచ్చి, దారం పట్టుకున్న చేత్తోనే అలమార వైపు చూపించాడు. తెచ్చి పెట్టమన్నట్టు. ఇంకేం ఆలస్యమన్నట్టు.

ఆమె తల ఆయన మంచం పట్టె మీద ఆనించింది.

ఆ సాయంత్రమే వదినకి చెప్పేసింది. వదిన అరుస్తుందనుకుంది. వదిన కూరగాయల కత్తి పక్కన పెట్టి, "వినకుండా ఎందుకు గీకావే?" అని మాత్రం అడిగింది. ఆమె చెప్పింది. వింటే నిలబడలేననుకున్నానంది. వదిన తలూపింది. ఆ తలూపడం కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మ్యూజియం వాళ్ళని అడిగి ఆ గొట్టం వెనక్కి తెప్పిద్దామా అంది వదిన కాసేపటికి. తెచ్చినా అది నున్నటి మైనమే, ఇప్పుడు దాని మీద ఏ పిల్లవాడి గొంతో ఉండి ఉంటుంది అని ఆమె చెప్పింది. మరి పొట్టు? పొట్టు రేకు డబ్బాలో ఉందిగా. దాన్ని కరిగించి మళ్ళీ గొట్టం పోస్తే?

"గొట్టం వస్తుంది వదినా. గొంతు రాదు."

వదిన లేచి వెళ్ళి రేకు డబ్బా మూత తీసి చూసి వచ్చింది. గోధుమరంగు పొట్టు, సగం డబ్బా. ఎన్ని మాటలో. కళ్ళజోడు ప్లీడరు స్ప్రింగూ, వంటింటి చీమలూ, ఆఖరి పొద్దుటి మాటా, అన్నీ ఒకే రంగు.

"ఏం చెప్పుంటాడంటావ్?" అంది వదిన.

"తెలీదు వదినా."

"నా గురించైతే అయ్యుండదులే" అని, మళ్ళీ "అయ్యుంటే నన్ను వంటింట్లోకి రానివ్వొద్దని చెప్పుంటాడు. డబ్బాలు సర్దేస్తానని వాడికి మొదట్నుంచీ కోపం" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వడానికో, ఏడవడానికో ఆమెకు తెలియలేదు.

జరిగింది టీచరమ్మకీ చెప్పారు. పాత గొంతు లేకపోతే పోనీ, కొత్తగా పట్టుకుందాం అంది. బొమ్మలకు పలకని మనిషి తన పెట్టె ముందు కూర్చోబెడితే పలుకుతాడేమో. ముప్పై ఏళ్ళ అలవాటు కదా. టేపు పెట్టె తాను తెస్తాననీ, ఏ ముక్క వచ్చినా పట్టుకుంటాననీ చెప్పింది.

శుక్రవారం ఉదయం ఆమె ఒక నున్నటి గొట్టాన్ని బల్లదీపం కింద పెట్టి వెచ్చబరిచింది. చల్లటి మైనం మీద గాడి పెళుసుగా పెచ్చులు లేస్తుంది. రాసే తల ఎప్పుడూ ఆయన చేతిదే, ఆమె బిగించింది లేదు. చూసిన గుర్తుతో బిగించింది. మొదటిసారి లోతుగా దిగి గొట్టాన్ని దున్నేసింది. గీకి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సన్నటి మైనపు పోగు చుట్టలు చుట్టలుగా లేచింది. అలా లేస్తే సరిగ్గా తెగుతున్నట్టు.

వదిన వెనక నుంచి భుజాలు పట్టుకుని ఆయన్ని కూర్చోబెట్టింది. గరాటు బాకా ఆయన నోటికి ఎదురుగా వచ్చింది. ఆయన పెట్టెను చూశాడు, కదురును చూశాడు. పోగు లేవడం చూసి, తల ఒకవైపుకి వంచి, ఎప్పటిలాగే గవర్నరు చప్పుడు విన్నాడు. పెదవులు దగ్గరకొచ్చాయి.

పెదవులు విడిపోయాయి. గాలి వచ్చింది. మాట లేదు.

"చెప్పండి" అంది ఆమె. పెట్టె తిరుగుతోంది, రెండు నిమిషాలే. "ఇదిగో, ఇక్కడ. నోరు దగ్గర పెట్టండి. ఏదో ఒకటి చెప్పండి. స్ప్రింగు అనండి. పోనీ నన్ను తిట్టండి. వింటున్నానండీ. ఈసారి వింటాను. చెప్పండి, అయిపోతోంది." ఆయన మెడ నరాలు లేచాయి. ఎడమ పిడికిలి బల్ల మీద పడింది. ముఖం ఎర్రబడి, చెమట పట్టి, ఆ ఒక్క చప్పుడూ కూడా రాలేదు. రాసే తల గొట్టం చివరికి చేరి టక్కుమని ఆగింది.

టీచరమ్మ టేపు ఆపింది. చెయ్యడానికి ఇంకేం లేక ఆమె పలికే తల బిగించి, పెద్ద బాకా తగిలించి, గొట్టాన్ని మొదటికి జరిపింది.

ముందు ఇసుక చప్పుడు. అందులోంచి ఎవరో ఆడమనిషి. సన్నటి గొంతు, ఏటి అవతలి గట్టు మీదున్నవాళ్ళని పిలుస్తున్నట్టు. చెప్పండి. నోరు దగ్గర పెట్టండి. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో మైనం మీద ఆమె గొంతు ఒక్కసారి కూడా పడలేదు. ఆమె పని వినడం, గీకడం. మాటకీ మాటకీ మధ్య ఆయన ఊపిరి ఉంది, కాగితం తిప్పినంత చప్పుడుతో. వింటున్నానండీ. ఈసారి వింటాను.

ఆమెకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. మాట ముగియకముందే గొట్టాన్ని తీసి గీకుడు మర వైపు తిరిగింది. ఆయన ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. పడిపోయాక ఆ చేతిలో అంత బలం ఆమె ఎరగదు. వదిలి, చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. తాళం తిప్పమని.

ఆమె తిప్పింది. మొత్తం విన్నాడు. మళ్ళీ తిప్పమన్నాడు.

ఆ రోజు ఐదుసార్లు విన్నాడు. మర్నాడు పొద్దున లేస్తూనే రెండు వేళ్ళు విప్పాడు. ఆమె ఈ గొట్టం తెచ్చి పెడితే విన్నాడు. విన్నాక ఒక్కోసారి కళ్ళు మూసుకుంటాడు. ఒక్కోసారి చివరిదాకా విని, మళ్ళీ అలమార వైపు చూస్తాడు. అడుగుతున్నది దీన్నో, దాన్నో ఆమెకు ఇప్పుడు తెలియడం లేదు. అడిగితే చెప్పగలిగిన మనిషి కాడు. మాట ఏమైనా తిరిగొచ్చిందా అంటే లేదు. టీచరమ్మ బొమ్మలు మార్చింది. నీళ్ళు, కుర్చీ, పిల్లి పోయి రైలు, గొడుగు, తలుపు వచ్చాయి. ఆయన వాటి వంకా చూడలేదు.

ఇంట్లో రాసుకున్న మైనం మెత్తన. పలికే తల వెళ్ళిన ప్రతిసారీ గాడిలో కొంత దులిపేస్తుంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఆయన కన్నా బాగా ఎవరికి తెలుసు? వచ్చినవాళ్ళందరికీ ఆయనే చెప్పేవాడు, ముప్పై సార్లు వింటే ముసలిదవుతుంది, నలభై సార్లు వింటే పోతుంది అని. ఇప్పుడు ఆ లెక్క ఆయనకు గుర్తుందో లేదో. టీచరమ్మ జాలిపడి దాన్ని టేపులోకి ఎక్కించి తెచ్చింది. టేపులో మొదటి మాట వినిపించగానే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన ఇంకో ఉపాయం చెప్పింది. ఆ మాటలే కొత్త గొట్టం మీద మళ్ళీ చెప్పమంది. ఆమె చెప్పింది, ఈసారి తొందర లేకుండా, తప్పు లేకుండా. ఆయన సగం విని, ఎడమ అరచేత్తో దుప్పటి మీద గీకినట్టు గీత లాగాడు.

"క్షవరం చేసెయ్యమంటున్నాడమ్మాయ్. వాడికి నచ్చలేదు" అంది వదిన.

విన్నారు కాబట్టి గీకింది.

అన్నింటికన్నా తేలిక ఆయన ఊపిరి, అందుకని మొదట అదే పోయింది. మొదటి వారం తిరక్కుండానే మాటల మధ్య కాగితం తిప్పినట్టుండే ఆ చప్పుడు ఇసుకలో కలిసిపోయింది. తరువాత స్ప్రింగు అన్న మాట పోయింది. చెప్పండి లో ఒత్తు పోయి గాలి మిగిలింది. నీలం దారం దీపం స్టాండుకి వేలాడుతోంది. డబ్బాకి కడదామని రోజూ తీస్తుంది. ముడి పడేలోగా మంచం మీద రెండు వేళ్ళు విచ్చుకుంటాయి, మళ్ళీ దారం వేలాడదీస్తుంది. వద్దండీ, అరిగిపోతుంది అని ఒకరోజు గట్టిగా చెప్పి చూసింది. ఆయన ఆమె పెదవుల వంకే చూసి, వేలు గుండ్రంగా తిప్పాడు.

ఇవాళ కూడా తెచ్చింది. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, విప్పి, ఎత్తి కదురుకు తొడిగింది. తాళం ఇరవై చుట్లు, అంతకు మించకుండా తిప్పింది. బాకా ఆయన వైపు జరిపింది. ఇసుక జారింది, చాలాసేపు జారింది. మాట ఉండాల్సిన చోటు రాగానే బాకా పక్కన వంగి, వదినకి వినపడనంత మెల్లగా, మైనంతో పాటు తనూ కలిపి అంది.

"చెప్పండి. నోరు దగ్గర పెట్టండి. వింటున్నానండీ."

ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎవరిని వింటున్నాడో ఆమెకు తెలియదు.